గుత్తి 14

మా అమ్మ బట్టలుతికే బండ పక్కన గొంతుక్కూర్చుని చూస్తే ‘గుత్తి 14’ అని కనిపిస్తుంది. పైకి ఉన్నది ఇంగ్లీషు వైపు. అది సబ్బుకూ బ్రష్షుకూ అరిగి నున్నగా అయిపోయింది. హిందీ వైపు గోడకు ఆనుకుని ఉంది కాబట్టి బల్లులు తప్ప ఎవరూ చదవరు. ఒక చివర గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రటి తల ఒకప్పుడు పసుపుపచ్చగా, మిగతాదంతా తెల్లగా ఉండేది. నేషనల్ హైవే కిలోమీటరు రాళ్ళకు తల పసుపు, స్టేట్ హైవే రాళ్ళకు ఆకుపచ్చ. ఈ తేడా నాకు అఆలు రాకముందే తెలుసు. ఆ పసుపు రంగు డబ్బా మా ఇంట్లో మంచం కిందే ఉండేది మరి.

మా నాయన ఆర్ అండ్ బి లో, అంటే రోడ్లు భవనాల శాఖలో, రోడ్డు గ్యాంగు మనిషి. ప్యాపిలి దాటి గుత్తి వైపు పోయేటప్పుడు, అప్పటి కర్నూలు జిల్లా కొసలో, ఎనిమిది కిలోమీటర్లు వాళ్ళ గ్యాంగుది. కాగితాల్లో ఆ రోడ్డు ఎన్.హెచ్. 7. వారణాసిలో మొదలై నాగపూర్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, మదురై మీదుగా కన్యాకుమారిలో ఆగే 2,369 కిలోమీటర్ల రోడ్డు. అప్పట్లో దేశంలో అంతకంటే పొడుగు హైవే ఇంకొకటి లేదు. అందులో ఎనిమిది మా నాయనవి.

మా జేజికి, అంటే నాయనమ్మకు, ఎన్.హెచ్. అంటే తెలియదు గానీ కాశీ అంటే తెలుసు. "ఈ దావన పోతానే ఉంటే కాశీ వస్తాదంట గదరా" అని నాయనను అడిగి అడిగి రూఢి చేసుకుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉత్తరం వైపు నుంచి వచ్చే లారీలను చూసేది. ఒకసారి ఒక డ్రైవరు నీళ్ళ కోసం ఇంటి ముందర ఆపితే, చెంబు చేతికిచ్చి "కాశీ నుంచేనా నాయనా?" అంది. అతను తాగి, మూతి తుడుచుకుని "సేలం" అన్నాడు. చాలా నిరాశపడింది పాపం.

నేను బడికి పోయే రోజుల్లో నాయన ఎన్.ఎం.ఆర్. కూలీ. మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, పేరు పడితే కూలీ, పడకపోతే లేదు. 1994లో 212 జీవో వచ్చింది. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ళు పనిచేసిన వాళ్ళను పర్మినెంటు చేసే జీవో అది. ఆ ఏడాదంతా మా ఇంట్లో "రెండువందల పన్నెండు" అనే మాట దేవుడి పేరులాగా వినబడింది. పాత మస్టర్ల నకళ్ళ కోసం నాయన ఎన్నిసార్లు కర్నూలు బస్సెక్కాడో లెక్కలేదు. చివరికి పర్మినెంటు అయ్యాడు. మా అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కు తీర్చింది.

ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం క్యారియరు తీసుకుపోయే పని నాది. సంగటి, పప్పు, ఎర్రగడ్డ. రోడ్డు మీద ఎక్కడున్నారో అడగక్కర్లేదు, పొగ చూసుకుంటూ పోతే చాలు. మూడు రాళ్ళ మీద తారు డ్రమ్ము పెట్టి కింద కట్టెలు మండించేవాళ్ళు. తారు కాగేటప్పుడు వచ్చే వాసన కొంతమందికి తలనొప్పి. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే కడుపులో ఆకలి మొదలవుతుంది.

గుంత పూడ్చడమంటే కంకర పోసి తారు చల్లడమే అనుకుంటారు చాలామంది. కాదు. ముందు గుంతను ఇంకా పెద్దది చెయ్యాలి. గడ్డపారతో అంచులు నిలువుగా, నలుచదరంగా చెక్కాలి. లోపలి దుమ్మును చీపురుతో ఊడ్చి, మిగిలినదాన్ని గోనెపట్టాతో విసిరి లేపాలి. అడుగునా అంచులకూ పల్చగా తారు పూయాలి. అప్పుడు గానీ తారులో కలిపిన కంకర పొయ్యకూడదు. అదీ రోడ్డు మట్టం కంటే కాస్త ఎత్తుగా పోసి దిమ్మిసతో కొట్టాలి, ఆ ఎత్తు లారీల కింద అణిగి సమానమవుతుంది. పని చేసేవాళ్ళు కాళ్ళకు గోనెసంచులు చుట్టుకునేవాళ్ళు. అయినా మడమల మీద తారు చుక్కలు పడేవి. రాత్రి ఇంటికొచ్చాక నాయన కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క చుక్కనూ తుడుచుకుంటుంటే నేను లాంతరు పట్టుకునేదాన్ని.

ఆయనకు రోడ్డు విషయంలో ఒకటే భయం. నీళ్ళు. "లారీ తొక్కితే రోడ్డు సావదు పాపా. నీళ్ళు నిలిస్తే సస్తాది" అనేవాడు. వానాకాలం మొదలయ్యే ముందు గ్యాంగంతా మోరీల్లో, అంటే రోడ్డు కింద నీళ్ళు పోయే తూముల్లో, పూడిక తీసేది. రోడ్డు అంచుల్లో, వాళ్ళ భాషలో బర్ములు, గరుసు పోసి బయటికి వాలు చేసేవాళ్ళు. రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి రెండు పక్కలకూ వాలి ఉండాలని, దాన్ని క్యాంబర్ అంటారని నాకు చెప్పింది ఆయనే. ఏడో తరగతి కూడా చదవని మనిషి ఆ మాట ఎంత బాగా పలికేవాడో! వాన పడుతున్నప్పుడు అందరూ ఇంట్లోకి పరిగెడతారు గదా, మా నాయన గొడుగేసుకుని రోడ్డు మీదికి పోయేవాడు. నీళ్ళు ఏ పక్కకు పోతున్నాయో చూసేదానికి. మా అమ్మ తిట్టుకునేది.

రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. అక్కడక్కడ వేప, మర్రి. ప్రతి చెట్టు మొదలుకూ సున్నం పట్టీ, జాజు పట్టీ, తెల్ల పట్టీ మీద నల్లరంగుతో నంబరు. చింతకాయలకు ఏటా వేలంపాట జరిగేది. పాట పాడుకున్నవాళ్ళు మనుషుల్ని పెట్టి గెడకర్రలతో రాలగొట్టించేవాళ్ళు. రోడ్డు గ్యాంగు మనిషి కూతురిగా నాకు ఆ కాయల మీద ఏ హక్కూ లేదని నాయన పదేపదే చెప్పేవాడు. చింతచిగురు మాత్రం వేలంలో లేదు. అది దండిగా కోసుకున్నాం. గ్యాంగు అన్నం తినే చెట్టు 38. నాయన దాన్ని ఎప్పుడూ చింతచెట్టు అనలేదు. "ముప్పై ఎనిమిది కాడికి రా" అనేవాడు.

రాళ్ళకు రంగు వేసే పని నాకు ఎక్కువ ఇష్టం. అక్షరాలు రాతిలో చెక్కి ఉండేవి. తెల్లరంగు ఆరాక ఆ గాళ్ళలో సన్న కుంచెతో నల్లరంగు నింపాలి. నాయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు, హిందీ రావు. అయినా హిందీ ‘గుత్తి’ని ఆయన రంగు నింపినంత అందంగా మా హిందీ పంతులు కూడా రాయలేదు. ఆయనకు అది అక్షరం కాదు, ముగ్గు. ఒకసారి రాయికి మూడు పక్కలా అదే పేరుందా అని నన్ను అడిగాడు. అవునన్నాను. "అయితే మూడు భాషల్లోనూ దూరం ఒకటేనన్నమాట" అని నవ్వాడు.

ఇంతగా చెబుతున్నానని ఆ రోడ్డు గొప్పదని అనుకోవద్దు. ఏడు మీటర్ల వెడల్పు. కాశ్మీరు ఆపిల్ లారీ, బళ్ళారి ఖనిజం లారీ, తాడిపత్రి బండల లారీ, ఆర్టీసీ బస్సు, ఎద్దులబండి, మా ఊరి గొర్రెలు, అన్నీ ఆ ఏడు మీటర్లలోనే. ఒకదాన్ని దాటాలంటే ఎదురుగా వచ్చేవాడితో పందెం కాయాలి. అనంతపురంలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ శనివారం సాయంత్రం బస్సులో నేను ఎప్పుడూ డ్రైవరు వెనక సీట్లో కూర్చోలేదు. అక్కడ కూర్చుంటే అన్నీ కనబడతాయి. పామిడి దగ్గర పెన్న వంతెన దాటాక కళ్ళు మూసుకుంటే గుత్తి కోట వచ్చాక తెరిచేదాన్ని. నిద్ర కాదు, భయం. రాత్రిపూట రోడ్డు మీద పెద్ద చప్పుడైతే మా ఊళ్ళో మగవాళ్ళు లాంతర్లు, పలుగులు తీసుకుని పరిగెత్తేవాళ్ళు. నాయన చూసినవి చాలా ఉన్నాయి, ఇంట్లో చెప్పేవాడు కాదు. వచ్చి బావి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని పడుకునేవాడు.

1999లో నా మొదటి కాన్పు. పుట్టింటికి వచ్చాను. నొప్పులు మొదలయ్యేసరికి రాత్రి పది. అడ్డం తిరిగిందని, కర్నూలుకు తీసుకుపోవాల్సిందేనని చెప్పారు. ఎనభై కిలోమీటర్లు. జీపులో వెనక అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. ముందర నాయన. డోన్ దాకా ఒక లారీ వెనకే పోయాం, దాటడానికి దారి లేదు. వెల్దుర్తి దగ్గర ఒక లారీ అడ్డం పడి రెండు పక్కలా బారులు తీరిన బండ్లు. జీపు డ్రైవరు అంచులోకి దించి, చెట్లకూ లారీలకూ నడుమ పోనిచ్చాడు. ప్రతి కుదుపుకూ నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. నాయన వెనక్కి తిరిగి చూడలేదు. కుదుపు వచ్చే ముందు మాత్రం "పాపా, పట్టుకో" అనేవాడు. చీకట్లో ఆయనకెలా తెలిసిందని తర్వాత అడిగాను. తన ఎనిమిది కిలోమీటర్ల దాకా గుంతలన్నీ నోటికొచ్చంట. ఆ తర్వాత లైట్ల వెలుతుర్లో తారు రంగు చూసి పోల్చుకున్నాడంట. పెద్దాసుపత్రికి చేరేసరికి ఒంటిగంట. బిడ్డా నేనూ బతికాం. పాత రోడ్డు గురించి ఎవరైనా "ఆ చెట్లు, ఆ నీడ, ఆ రోజులు" అని మొదలుపెడితే నాకు ఆ మూడు గంటలు గుర్తొస్తాయి. చెట్ల మాట నిజమే గానీ, ఆ రోడ్డు మళ్ళీ నాకొద్దు.

ఆ ఏడాదే వాజ్‌పేయి శంకుస్థాపన చేసిన స్వర్ణ చతుర్భుజి గురించి పేపర్లో మ్యాపు వేశారు. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్లు. దానికి తోడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి నిలువుగా ఒక గీత, సిల్చార్ నుంచి పోరుబందరుకు అడ్డంగా ఒక గీత. ఆ రెండూ కలిపితే ఇంకో ఏడు వేలకు పైన. నాయన నా చేతిలోంచి పేపరు తీసుకుని మంచం మీద పరిచి వేలితో వెతికాడు. చతుర్భుజి గీత నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా పోతోంది. "అంతా కోస్తావాళ్ళకేనా" అన్నాడు. నిలువు గీత మన మీదుగానే పోతుందని చూపించాను. ఆ గీత మీద కర్నూలుకూ బెంగళూరుకూ నడుమ చూపుడువేలు పెట్టి, "ఈడ నేనుంటా" అన్నాడు.

దీనికి డబ్బు ఎక్కడిదంటే, మనదే. అప్పట్లో లీటరు పెట్రోలు మీద రూపాయి, డీజిలు మీద రూపాయి సెస్సు. మా చిన్నాయన టీవీఎస్ బండికి అర లీటరు పోయించుకుని "అర్ధ రూపాయి మా అన్న రోడ్డుకు పడింది" అనేవాడు. చతుర్భుజికి ముందు, నిలువు అడ్డం గీతలకు ఆ తర్వాత అన్నట్టుగా పని నడిచింది. మా వైపు కొలతల వాళ్ళు వచ్చేసరికి నా కొడుకు ఒకటో తరగతిలో ఉన్నాడు.

మూడు కాళ్ళ మీద దుర్భిణి పెట్టుకుని వచ్చారు. పొలాల్లో సిమెంటు దిమ్మెలు పాతారు. ఏడు మీటర్ల రోడ్డుకు అరవై మీటర్ల జాగా అంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పేపర్లో సర్వే నంబర్లు అచ్చయ్యాక నమ్మారు. త్రీ ఏ, త్రీ డీ అని ఊరంతా ఇంగ్లీషు నేర్చింది. ఇవి 1956 నాటి నేషనల్ హైవేస్ చట్టంలోని సెక్షన్లు. మొదటిది భూమి తీసుకోబోతున్నామని చెప్పడం, రెండోది తీసేసుకున్నామని చెప్పడం. త్రీ డీ వచ్చిందంటే ఆ నేల ఇక మనది కాదు. మా చిన్నాయనకు డెబ్భై సెంట్లు పోయింది, బుడ్డలు, అంటే వేరుశనగ, పండే ఎర్రనేల. పాసుబుక్కు మా తాత పేరు మీదే ఉండిపోయింది. ఆయన చచ్చిపోయి పన్నెండేళ్ళు. వారసుల సర్టిఫికెట్టు, ఆ సంతకం, ఈ సంతకం అని చిన్నాయన చెప్పులరిగేలా తిరిగాడు. డబ్బు చేతికొచ్చేసరికి ఆ రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి. వచ్చింది కూడా కాగితం మీది రేటుకే, బయట పలికే రేటుకు కాదు. 2013 భూసేకరణ చట్టం లెక్క హైవేలకు 2015 నుంచి వర్తించింది. మాది అంతకు ముందే అయిపోయింది.

చెట్లు కొట్టేసిన వారం నేను ఊళ్ళోనే ఉన్నాను. ముందు రోజు ప్రతి మానుకూ బెరడు చెక్కి, సుత్తితో ముద్ర వేసుకుంటూ పోయారు. తర్వాత రంపపు మిషన్లు. వందేళ్ళ చింతమాను పడేదానికి అరగంట కూడా పట్టదు. ఆ చప్పుడుకు కాకులు ఒక్కసారిగా లేచి, ఎక్కడ వాలాలో తెలియక రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి. నాయన ఆ వారం డ్యూటీకి సెలవు పెట్టాడు, జ్వరమని చెప్పి. జ్వరమేమీ లేదు. మూడో రోజు సాయంత్రం పోయి చూసొచ్చి "ముప్పై ఎనిమిది లోపల తొర్ర పడిపోయింది పాపా. ఇంకో గాలివానకు అదే పడుండు" అన్నాడు. నాకు చెప్పినట్టు లేదు.

ఆ తర్వాత మట్టి పని మొదలైంది. మా వైపు ఇంకో సంగతుంది. జొన్నగిరి, తుగ్గలి, ప్యాపిలి చుట్టుపక్కల తొలకరి వానలు పడితే జనం పనులు మానుకుని పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. అలాంటి నేలను పొక్లెయిన్లు తవ్వి గుట్టలు పోస్తుంటే మనవాళ్ళు ఊరుకుంటారా? వాన వెలిసిన తెల్లారి ఆ గుట్టల మీద వందమంది, నడుములు వంచి. కంపెనీ సూపర్‌వైజరు ఉత్తరాది మనిషి. వీళ్ళేదో ధర్నాకు వచ్చారనుకుని టెన్షన్ పడి ఎవరికో ఫోన్ చేశాడు. నాయన పోయి సైగలతో, వచ్చీరాని హిందీలో అసలు సంగతి చెప్పాడు. "హీరా, హీరా." ఆ మాట విన్న తర్వాత సూపర్‌వైజరు కూడా నేల చూసుకుంటూ నడిచేవాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు. అతనికేమీ దొరకలేదు, మా వాళ్ళకూ దొరకలేదు.

హైవే అథారిటీ చేతికి రోడ్డు పోయాక నాయన గ్యాంగును పత్తికొండ వైపు రోడ్లకు మార్చారు. తల ఆకుపచ్చ రాళ్ళు. రిటైర్‌మెంటుకు ఇంక రెండేళ్ళే ఉంది. ఆదివారం వస్తే చాలు, సైకిలేసుకుని ఇక్కడి పని చూసేదానికి పోయేవాడు. ఎంత పని చూశాడో! పొరలు పొరలుగా కింద గరుసు, దాని మీద నీళ్ళు కలిపిన కంకర, దాని మీద తారు కంకర రెండు వరసలు. ప్లాంటులో కాగిన మాల్ టిప్పర్లలో వస్తే, పేవర్ మిషన్ దాన్ని ఒకే మందాన పరుచుకుంటూ పోయేది. వెనక రోలర్లు. మనిషి చెయ్యి తగలకుండా తారు రోడ్డు పడడం ఆయన మొదటిసారి చూశాడు. "కాళ్ళకు గోనెసంచి కట్టుకున్నోడు ఒక్కడు లేడు" అని చెప్పాడు. అది బాధతో అన్నాడని మా అమ్మ అనుకుంది. కాదు, సంతోషంతోనే అన్నాడు. ఆ చుక్కల మచ్చలు ఇప్పటికీ ఆయన మడమల మీద ఉన్నాయి.

ఒక్కటి మాత్రం ఆయనకు నచ్చలేదు. కొత్త రోడ్డు కట్ట ఎత్తు. మా చిన్నాయన మిగిలిన పొలం పైనుంచి ఒక చిన్న వంక వస్తుంది. ఏడాదిలో ఆరు రోజులు పారితే గొప్ప. అది పారే చోట మోరీ లేదు, రెండు వందల మీటర్ల అవతల ఉంది. నాయన అక్కడున్న కుర్ర ఇంజనీరుతో చెప్పాడు. ఆ పిల్లోడు మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి డ్రాయింగ్ తెరిచి చూపించాడు. కాగితం మీద వంక మోరీ ఉన్న చోటే ఉంది. "కాగితం మీద యాడైనా ఉండనీ సార్, వానొచ్చినప్పుడు చూడు" అని వచ్చేశాడు. వానొచ్చింది. చిన్నాయన బుడ్డల చేను మోకాటిలోతు చెరువైంది. నాయన గొడుగేసుకుని కట్ట మీద నిలబడి ఉంటే ఇంజనీరు జీపులో వచ్చి, దిగి, పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదంట. నెలరోజులకు అక్కడ పైపు మోరీ వేశారు. మా ఊళ్ళో దాన్ని ఇప్పటికీ నాయన పేరుతోనే పిలుస్తారు. ఎంత పెద్ద ఉద్యోగం చేసినా నా పేరుతో ఒక మోరీ అయినా ఉండేది కాదు గదా అని నేను నవ్వుతుంటాను.

ఆ రోజుల్లోనే పాత రాళ్ళను పీకి ఒకచోట కుప్ప పోశారు. నాయన ‘గుత్తి 14’ రాయిని ఇమ్మని సూపర్‌వైజరును అడిగాడు. హీరా అని సూపర్‌వైజరు నవ్వి, తీసుకుపొమ్మన్నాడు. చిన్నాయన ఎద్దులబండి మీద నలుగురు పట్టి ఎక్కించి తెచ్చారు. నాయన ఉద్దేశం దాన్ని వాకిట్లో నిలబెట్టాలని. మా అమ్మ ఉద్దేశం వేరు. పెరట్లో ఉతికే బండ పగిలి ఆర్నెల్లయింది. ఎవరి మాట నెగ్గిందో ముందే చెప్పాను.

2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగినప్పుడు మేం కర్నూల్లోనే ఉన్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. హైదరాబాద్ దావ తెగింది. మేం మేడ మీద ఉండి బతికాం, కింది సామానంతా పోయింది. ఫోన్లు కలిశాక నాయన మొదట బిడ్డల గురించి అడిగాడు, తర్వాత "రోడ్డు ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. రెండో రోజు దక్షిణం వైపు నుంచి బియ్యం మూట, నీళ్ళ క్యాన్లు, ఉగ్గానికి బొరుగులు తీసుకుని లారీ పట్టుకుని వచ్చేశాడు. ఆ బురదలో నిలబడి ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం మురికి నీళ్ళు ఏ పక్కకు పోతున్నాయో చూస్తున్నాడు.

2010లో నంబర్లు మార్చారు. నిలువు రోడ్లన్నిటికీ సరి నంబర్లు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతూ. అడ్డం రోడ్లన్నిటికీ బేసి నంబర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతూ. ఏడు పోయి నలభై నాలుగు వచ్చింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్ల పైమాటే. నంద్యాల, కడప పోయే పాత 18 ఇప్పుడు 40. గుత్తి నుంచి బళ్ళారి పోయే 63 ఇప్పుడు 67. ఇదంతా తర్వాత ఒక పండగకు నాయనకు చెబితే, "మరి ఏడు ఎవరికిచ్చినారు?" అని అడిగాడు. ఫోన్లో చూసి చెప్పాను. పంజాబ్ నుంచి బదరీనాథ్ అవతల మానా దాకా పోయే రోడ్డుకు ఇచ్చారు. "అదీ పుణ్యక్షేత్రానికే" అన్నాడు. కొత్త నలభై నాలుగు కాశీకి పోదు. మా జేజి అప్పటికి లేదు, మంచిదే అయింది.

టోలు దగ్గర మాత్రం ఆయన నెమ్మదించలేదు. కర్నూలు పోతే అమకతాడు, అనంతపురం పోతే కాసేపల్లి, ఏ పక్కకు పోయినా ఒకటి. "నేను గుంతలు పూడ్చిన రోడ్డు మీద పోయేదానికి నేనే దుడ్లు కట్టాల్నా?" అని మొదటిసారి మా ఆయన కారులో కూర్చుని బూతులో ఉన్న పిల్లోడిని గట్టిగానే అడిగాడు. ఆ పిల్లోడు "రూల్స్ తాతా" అన్నాడు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక అడగడానికి మనిషి కూడా లేకుండా పోయాడు. అద్దం మీది స్టిక్కరును చూసి గేటు లేస్తుంది. నాయన ఆ గేటు వైపు చూడడు.

ఇప్పుడు కర్నూలు నుంచి మా ఊరికి గంట. అదే ఎనభై కిలోమీటర్లు. కళ్ళు మూసుకోవాల్సిన పని లేదు. అలాగని భయం పోయిందా అంటే, వేరే రకంగా ఉంది. రోడ్డు అవతల పొలమున్నవాళ్ళు అండర్‌పాస్ దాకా పోయి తిరిగి రావాలి. ఎవరు పోతారు? బైకు మీద రాంగ్ రూట్లో వస్తారు, గొర్రెలు డివైడరు దూకుతాయి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కాలిపోయినప్పుడు మా ఇంటి నుంచి ఆ చోటు ఎంతో దూరం కాదు. రోడ్డు మీద పడి ఉన్న ఒక బైకును బస్సు ఈడ్చుకుపోయింది. ఆ పొద్దున నాయన ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పలుగులు తీసుకుని పరిగెత్తిన మనిషి గదా.

బెంగళూరులో కొడుకు దగ్గరికి పోయేటప్పుడు కొడికొండ దగ్గర కొత్త ఎక్స్‌ప్రెస్‌వే పని కనబడుతుంది. దాని నంబరు 544జి. బెంగళూరు నుంచి విజయవాడ 518 కిలోమీటర్లు, అందులో కొడికొండ నుంచి అద్దంకి దగ్గర ముప్పవరం దాకా కొత్తగా వేస్తున్నారు. కడప జిల్లా మీదుగా పోతుంది. ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి ఉండదు. ఇంజనీరింగ్ చదివిన నా కొడుకు దాని గురించి అరగంట చెప్పాడు. నాయన అంతా విని "నీళ్ళు యాడికి పోతాయంట?" అన్నాడు. వాడి దగ్గర జవాబు లేదు.

పోయిన సంక్రాంతికి అందరం ఊళ్ళో ఉన్నాం. నా కొడుకు పెరట్లో పళ్ళు తోముకుంటూ రాయి చూసి, ఫోన్లో మ్యాపు తీసి, "తాతా, ఈ రాయి తప్పు. గుత్తి ఇక్కడి నుంచి పదహారు" అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. కారు తీయించాడు. అండర్‌పాస్ దాకా పోయి, తిరిగి, సర్వీసు రోడ్డెక్కి, బైపాస్ దగ్గర దిగి, గుత్తి ఊళ్ళోకి పోయేసరికి మీటరు మీద పదహారున్నర. తిరిగొచ్చాక చాలాసేపు రాయి పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి, మంచం కింద వెతికి, మనవడిని పిలిచి అంగడికి పోయి పసుపు రంగు, తెల్ల రంగు, చిన్న డబ్బా నల్ల రంగు తెమ్మన్నాడు.

"చెక్కినదాన్ని ఎట్ల మారుస్తావు తాతా?"

"మార్చేది లేదు. పద్నాలుగే. రంగు పోయింది, అంతే."

లోపలి నుంచి మా అమ్మ కేకేసింది. "ఆ బండకు రంగు పూస్తే నా తెల్ల చీరలు నువ్వే ఉతుకుతావా?"